మూడో వరుస కోరిక

దారం కొసను పళ్ళ మధ్య తడిచేసి, రెండు వేళ్ళ నడుమ సన్నగా నులిమి, కాజాలక్క దాన్ని సూది బెజ్జంలోకి పంపింది. ఒక్క పోటుకే దూరింది. కొస పట్టుకుని జానెడు లాగి వదిలి, మిషను పాదం కింద బట్టముక్క పెట్టి నాలుగు కుట్లు వేసి చూసుకుంది. బాగానే పడ్డాయి. అప్పుడు లేచి వెనకనున్న మిషను దగ్గరికి వెళ్ళి, అప్పుడే వచ్చినదానిలా కూర్చుని ఏప్రన్ ముడి బిగించుకుంది. ఇది తన మిషను. అది తనది కాదు.

సైరన్ మోగడానికి ఇంకా వ్యవధి ఉంది. హాల్లో సగం ట్యూబులైట్లే వెలిగాయి. రాత్రంతా మూసిపెట్టిన గాలిలో కొత్త బట్టకుండే గంజి వాసనా మిషన్ల నూనె వాసనా కలిసిపోయి ఉన్నాయి. ఇన్నేళ్ళుగా పీలుస్తున్నా పొద్దున పూట మాత్రం ఆ వాసన ముక్కుకి కొత్తగానే తగులుతుంది.

ఆ షర్టుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకి పేర్లు లేకపోలేదు. కాకపోతే వానాకాలం గొడుగుల్లాగా వాటిని గేటు దగ్గరే వదిలి వచ్చేవాళ్ళు. లోపలికొచ్చాక ఎవరు ఏ ముక్క కుడితే అదే పేరు. గుండీలు దూరే కంతల చుట్టూ దారం అల్లే ఆవిడ కాజాలక్క. కాలర్లు కుట్టే పెద్దాయన కాలర్ బాబాయి. చేతుల చివరి పట్టీలు కుట్టే భారీ మనిషి కఫ్‌లొదిన. జేబులు కుట్టేది జేబుల పిల్ల. ఆ పిల్లకి పెళ్ళై ఇద్దరు బిడ్డలున్నా వరుసలో అందరికంటే చిన్నది కాబట్టి పిల్లే.

మిషన్లు బడిలో బల్లల్లాగా ఒకదాని వెనక ఒకటి ఉండేవి. ఎవరికైనా కనిపించేది ముందు కూర్చున్న మనిషి వీపు మాత్రమే. మూడో వరుసలో అందరికంటే ముందు కాలర్ బాబాయి. ఆయన ముందు సున్నం పెచ్చులూడిన గోడ. ఆయన వెనక కాజాలక్క. అందువల్ల ఈ లోకంలో ఆమెకి అన్నిటికంటే బాగా తెలిసినది కాలర్ బాబాయి మెడ. కొడుకు ముఖం కంటే, అద్దంలో తన ముఖం కంటే ఆ మెడనే ఆమె ఎక్కువ చూసింది. జలుబు చేస్తే అది ఎర్రబడుతుంది. ఇంట్లో భార్యతో మాటా మాటా వస్తే కుడిపక్కకి ఒరుగుతుంది. ఒకప్పుడు కర్రలా నిటారుగా ఉండేది. ఇప్పుడు అడ్డంగా రెండు ముడతలు పడి, వెన్నుపూస పైకి తేలి, పైన జుట్టు సుద్దపొడి చల్లినట్టయింది.

"ఏం అమ్మాయ్, వచ్చేశావా?" అంటూ వచ్చాడాయన. ఒక చేయి గోడ మీద ఆనించి, రెండో చేత్తో స్టూలు తడిమి కూర్చున్నాడు. చూపుడువేలితో సూది దగ్గర తాకి, దారం ఉందని తెలుసుకుని, ఏమీ జరగనట్టు గొంతు సవరించుకున్నాడు.

"నిన్న మా ఆవిడతో మూడుసార్లు చెప్పాను, తలుపు వెయ్యవే అని. మూడోసారికి వెళ్ళి పొయ్యి ఆర్పి వచ్చింది."

కాజాలక్క నవ్వింది. ఆయన ఇల్లాలికి చెవుడు. ఆ చెవుడు మీద ఆయన రోజుకొక కథ చెబుతాడు. అందులో సగం కల్పితాలని అందరికీ తెలుసు.

దారం సంగతి మాత్రం ఎవరికీ తెలియదని కాజాలక్క నమ్మకం. ఏడాది పైమాటే అయింది. ఒకనాటి పొద్దున ఆయన దారం కొస పట్టుకుని సూదికి బెత్తెడు దూరంలో గాలిని పొడుస్తుంటే ఆమె చూసింది. కాసేపాగి, "బాబాయ్, నీ సూది వంగినట్టుంది, నన్ను చూడనీ" అని లేచి ఎక్కించి ఇచ్చింది. మర్నాటి నుంచి ముందే వచ్చి ఎక్కించిపెడుతోంది. మధ్యలో దారం తెగితే ఆయన, "అమ్మాయ్, ఆ కత్తెర ఇటివ్వు" అంటాడు. కత్తెర ఆయన ఒళ్ళోనే ఉంటుంది. ఈమె లేచి వెళ్ళి ఎక్కించి వస్తుంది. అంతే. ఆ విషయం గురించి వాళ్ళిద్దరి మధ్య ఒక్క మాట కూడా నడవలేదు.

సైరన్ మోగింది. మిషన్లు ఒకటొకటిగా అందుకున్నాయి.

కాసేపటికి సూపర్‌వైజరు ఒక అట్టపెట్టె తెచ్చి వరుస పక్కన దించాడు. సన్నటి మనిషి, నవ్వితే ఎక్కడ అలుసైపోతానో అని ఎప్పుడూ మూతి బిగించుకుని ఉంటాడు. పెట్టెలోంచి ఒక షర్టు తీసి కాలర్ రెండు కొసలూ దగ్గరికి చేర్చి చూపించాడు. ఒక కొస కోసుగా ఉంది, రెండోది మొద్దుబారి పక్కకి తిరిగింది.

"కొట్లవాళ్ళు వెనక్కి పంపారు. ఇలాంటివి పెట్టెడున్నాయి. సాయంత్రం లోగా ఇవి ఎవరి చేతివో నేను పైకి చెప్పాలి," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

కాలర్లు కుట్టేవాళ్ళు మూడు వరుసల్లోనూ ఉన్నారు. కానీ కాజాలక్క కళ్ళు ముందున్న మెడ మీదికి వెళ్ళాయి. మెడ కదలలేదు. మిషను చప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

సూపర్‌వైజరు వెనకే క్షేమమమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయి ఉద్యోగం ఉద్యోగుల సంక్షేమం చూడడం. చేరిన మొదటిరోజు వరుస వరుసకీ తిరిగి, "అందరూ క్షేమమేనా?" అని అడిగింది. అప్పటినుంచి ఆ పేరు పడిపోయింది. మనిషి మంచిది. పని మీద శ్రద్ధ కూడా ఉంది. భోజనాల గదిలో పసుపుపచ్చ నవ్వుముఖం బొమ్మ ఒకటి అతికించింది. ఎవరో దాని ముందుకి నీళ్ళడ్రమ్ము జరపడంతో మూతి మరుగున పడి, అది అందరి అన్నం వంకా కళ్ళప్పగించి చూస్తున్నట్టు తయారైంది. రోజూ ఒకసారి అందర్నీ నిలబెట్టి భుజాలు ఎత్తించి దించేది. మొదటిరోజే కఫ్‌లొదిన చంకల దగ్గర కుట్లు పటపటా తెగిపోయాయి. షర్టుల ఫ్యాక్టరీలో బట్టలు చిరిగిన మనిషిని చూడడం ఇదే మొదటిసారని వరుసంతా వారం రోజులు నవ్వుకుంది. నవ్వించింది కాబట్టి ఆ అమ్మాయి ఉద్దేశం నెరవేరినట్టేనని కాలర్ బాబాయి తీర్పు.

"ఈసారి మేం చెప్పేది మీరు చెయ్యడం కాదు," అంది క్షేమమమ్మాయి. "మీరు చెప్పింది మేం చేస్తాం. వరుసకి ఒక కోరిక. ఏది ఉంటే ఇక్కడ మీకు సంతోషంగా ఉంటుందో ఆలోచించుకోండి. మూడో వరుస తరఫున కాజాలక్కగారు మధ్యాహ్నం టీ తర్వాత నా గదికొచ్చి చెప్పాలి. పెద్దయ్యగారు ఒప్పుకున్నారు."

"నేనెందుకమ్మా? బాబాయి ఉన్నాడుగా పెద్ద," అంది కాజాలక్క.

"నాకొద్దమ్మా," అన్నాడు కాలర్ బాబాయి గోడతో. "నా కోరికలన్నీ మా ఆవిడకి చెప్పుకుంటాను. ఆవిడకి వినపడదు కాబట్టి ఇద్దరికీ ఇబ్బంది లేదు."

ఆ తర్వాత కాజాలక్క చెవికి తీరిక లేదు.

"అక్కా, పాటలు అడుగు," అని వెనకనుంచి జేబుల పిల్ల. "పాట వింటూ కుడితే జేబు జేబులా ఉండదు, తేలిపోతుంది."

"తేలిపోయే జేబు ఎవడిక్కావాలే," అంది కఫ్‌లొదిన. "ఫ్యాను అడగండి. ఉన్న ఫ్యాను గాలి రెండో వరుస దాటి రాదు. నా వీపు మీద చెమటతో బట్టలు ఉతకొచ్చు."

"ఫ్యానుకి దారాలు ఎగురుతాయి వదినా."

"నీ పాటకి మేమెగరాలి."

కాజాలక్క వింటూనే కాజాలు తీసింది. సూది గుర్తు చుట్టూ టకటకమని తిరిగి వస్తుంది, కత్తి దిగి మధ్యలో చీలుస్తుంది, కంత తెరుచుకుంటుంది. బట్ట జరుపుతుంది. మళ్ళీ. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే మనసు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో ఆమె తన గురించి తాను ఆలోచించుకునే ప్రయత్నం చేసింది. నీకేం కావాలి అని ఆమెని ఎవరూ అడిగి ఎరగరు. ఇప్పుడు ఇంట్లో తనతో ఉంటున్న చెల్లెలు అడుగుతుంది గానీ, "ఉప్పు కావాలా?" అని అడుగుతుంది. ఈమె వద్దన్నా వేస్తుంది.

ఈ హాల్లోకి వచ్చిన మొదటి రోజులు గుర్తొచ్చాయి. భర్త పోయి నెల తిరగలేదు. కొడుకు చంటివాడు. చూసుకునేవాళ్ళు లేక, బట్ట పీలికలు వేసే బుట్టలో పడుకోబెట్టి మిషను కింద దాచేది. అది నిబంధనలకు విరుద్ధం. ముందు కూర్చున్న మనిషి వెనక్కి తిరిగి చూడలేదు, పలకరించనూ లేదు. కానీ అప్పటి సూపర్‌వైజరు అటుగా వచ్చినప్పుడల్లా తన స్టూలు వెనక్కి జరిపి, కాళ్ళు బారజాపి, బుట్టకి అడ్డం కూర్చునేవాడు. "నడుం పట్టేసిందండీ" అని మూలిగేవాడు. ఆ వయసుకి అంత నడుంనొప్పి ఉన్న మనిషి ఫ్యాక్టరీ మొత్తంలో లేడు.

ఆ రోజుల్లో ఆమెకి మాటిమాటికీ ఏడుపొచ్చేది. చప్పుడు కాకుండా ఏడ్చేది. మిషన్ల హోరులో ఎవరికి వినపడుతుంది? అయినా ముందునుంచి ఆ గొంతు గోడతో మాట్లాడడం మొదలుపెట్టేది. మా పక్కింటాయన ఏం చేశాడో తెలుసా అని. మా మామగారు ఒకసారి గుర్రబ్బండి ఎక్కి ఏమయిందంటే అని. ఎవరితో చెబుతున్నాడో తెలిసేది కాదు. కథ అయ్యేసరికి ఆమె ముక్కు తుడుచుకుని ఉండేది. తిరిగి చూస్తే ఆమె ఏడుపు తను చూసినట్టవుతుందని ఆయన తిరగలేదని ఆమెకి అర్థమవడానికి చాలా కాలం పట్టింది.

ఆ చంటివాడు ఇప్పుడు బస్సు నడుపుతున్నాడు. గేటు ముందునుంచి వెళితే హారన్ రెండుసార్లు కొడతాడు.

భోజనాల గంటకి డబ్బా మూత తీస్తూ కాజాలక్క ఒక నిర్ణయానికొచ్చింది. ఎదురుగా నవ్వుముఖం కళ్ళు డ్రమ్ము మీదుగా చూస్తున్నాయి. కాలర్ బాబాయి ఇంకా రాలేదు. ఆయన ఎప్పుడూ అందరూ వెళ్ళాక గోడ పట్టుకుని నింపాదిగా వస్తాడు.

"నేను దీపాలు అడుగుదామనుకుంటున్నాను," అంది. "మిషను మిషనుకీ ఒక దీపం. వెలుతురు చాలట్లేదు."

చెప్పి డబ్బాలోకి చూసుకుంది. ఇప్పుడు పాటలెక్కడ, ఫ్యానెక్కడ అని ఇద్దరూ మీదపడతారని ఆమె భయం. ఆమె లెక్క వేరే ఉంది. వెలుతురు చాలకే కాలర్లు వంకరపోయాయంటే ఆ పెట్టె గోల సద్దుమణుగుతుంది. దీపం వస్తే బాబాయికి కాస్త కనపడనూ కనపడుతుంది. కానీ ఆ మాట పైకి అనగలదా?

జేబుల పిల్ల నోట్లో ముద్ద నమలడం ఆపి, "సరే అక్కా, దీపాలే అడుగు," అంది.

"పాటలో?"

"పాటలు నేను పాడతాలే."

"అమ్మో," అంది కఫ్‌లొదిన. తర్వాత చెంచాతో డబ్బా అడుగు గీకుతూ, "దీపాలే మంచిదిలే. నాకూ కళ్ళు మసకలేస్తున్నాయి," అంది. కఫ్‌లొదిన కళ్ళు ఎలాంటివంటే, గేటు దగ్గర ఎవరి చేతిలో ఏ డబ్బా ఉందో తన స్టూలు మీంచి చెప్పగలదు.

ఇద్దరూ ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు కాజాలక్క ఆశ్చర్యపోయింది. వాళ్ళ మంచితనం అనుకుంది. తనొక్కతే దాచుకున్న రహస్యం కోసం వాళ్ళ కోరికలు కాజేస్తున్నానని కొంచెం సిగ్గు కూడా పడింది.

టీ తర్వాత చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని క్షేమమమ్మాయి గదికి వెళ్ళింది. ఆ అమ్మాయి లేచి కుర్చీ జరిపింది. కాజాలక్క దాని అంచు మీద కూర్చుంది.

"ఇంతకీ మీకేం కావాలక్కా? వరుస సంగతి చెబుదురుగాని. ముందు మీ ఒక్కరికీ చెప్పండి."

కాజాలక్క ఆలోచించింది. పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నదే. చెల్లెలు నీళ్ళు పట్టుకునే వేళకి ఇంట్లోంచి బయటపడడం, ఎవరూ లేని హాల్లోకి రావడం, ఆ దారం ఎక్కించడం, తర్వాత వెనక కూర్చుని ఆ అడుగుల కోసం వినడం, ఏం అమ్మాయ్ అన్న పలకరింపు, ఒక అబద్ధపు కథ. తనకి కావలసినవి ఇవే. ఇవి ఇప్పటికే ఉన్నాయి. ఉన్నవాటిని ఉండనివ్వమని అడగొచ్చో లేదో ఆమెకి తెలియలేదు.

"నాకేం తక్కువమ్మా," అంది. "వరుసకి దీపాలిప్పించండి. వెలుతురు చాలక కుట్లు వంకరపోతున్నాయి. ఆ కాలర్లు కూడా అందుకే."

క్షేమమమ్మాయి ముఖం విప్పారింది. "మీ సూపర్‌వైజరుగారు కూడా పొద్దున ఇదే మాట చెప్పి వెళ్ళారు. అందుకే స్టోర్‌లోంచి ఒకటి తెప్పించాను. రండి, ఇప్పుడే పెట్టి చూద్దాం."

ఎన్నడూ ఏదీ అడగని సూపర్‌వైజరు దీపం ఎందుకడిగాడో కాజాలక్కకి తట్టలేదు. ఆ అమ్మాయి చేతిలో వంచితే వంగే మెడతో పొడుగాటి దీపం ఊగుతుంటే వెనకే నడిచింది.

ప్లగ్గు గోడకుంది. గోడ పక్కన ఉన్నది కాలర్ బాబాయి మిషనే.

"ముందు నా మిషనుకి పెట్టండమ్మా," అంది కాజాలక్క.

"వైరు అక్కడిదాకా రాదక్కా. తాతగారూ, ఒక్క నిమిషం."

కాలర్ బాబాయి స్టూలు మీద పక్కకి జరిగాడు. దీపం మిషను తలకి బిగించి మీట నొక్కారు. తెల్లటి వెలుగు సూది మీద, పాదం మీద, ఆయన చేతుల మీద గుండ్రంగా పడింది. వేళ్ళ చివర సూది పోట్ల మచ్చలు కూడా కనిపించాయి. కఫ్‌లొదిన, జేబుల పిల్ల లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. అట్టపెట్టె పక్కనుంచి సూపర్‌వైజరు కూడా వచ్చాడు.

క్షేమమమ్మాయి మురిసిపోతూ, ఎవరూ వారించేలోగా, సూదిలోని దారాన్ని లాగేసింది. "ఇప్పుడు ఎక్కించండి తాతగారూ. ఎంత సులువో చూడండి."

ఆయన దారం కొస తడిచేశాడు, నులిమాడు. చెయ్యి వణకలేదు. నిదానంగా సూది దగ్గరికి తెచ్చాడు. దారం బెజ్జానికి వేలెడు అవతలనుంచి వెళ్ళిపోయింది. మళ్ళీ తెచ్చాడు. ఈసారి సూదికి ముందే ఆగిపోయింది. ఆ వెలుగులో అందరికీ అన్నీ కనపడుతున్నాయి, ఆయనకి తప్ప.

"ఈ బల్బు మరీ జిగేల్‌మంటోంది," అన్నాడు సూపర్‌వైజరు గబుక్కున. "ఎంత కళ్ళున్నవాడికైనా చీకట్లు కమ్ముతాయి."

"దారంలోనే ఉంది లోపం," అంది కఫ్‌లొదిన. "పొద్దున్నుంచీ నాదీ చీలిపోతోంది."

"కొత్తగా వచ్చిన సూదులకి బెజ్జాలే సరిగ్గా లేవు," అంది జేబుల పిల్ల.

"పాదం అడ్డొస్తోంది, పాదం ఎత్తు బాబాయ్," అంది కాజాలక్క.

నాలుగు మాటలూ ఒక్కసారే వచ్చి ఒకదానికొకటి గుద్దుకున్నాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నీకూ తెలుసా అన్నట్టు కఫ్‌లొదిన కాజాలక్కని చూసింది. జేబుల పిల్ల సూపర్‌వైజర్ని చూసింది. సూపర్‌వైజరు నేలను చూశాడు. కాజాలక్కకి గుండెలో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. అది తన రహస్యం అనుకుంది ఇన్నాళ్ళూ.

కాలర్ బాబాయి దారాన్ని వదిలేసి, స్టూలు మీద పూర్తిగా వెనక్కి తిరిగాడు. ఆయన అలా వాళ్ళ వైపు తిరిగి కూర్చోవడం కాజాలక్క ఎరగదు. ముఖమంతా నవ్వు ఉంది. చూపు మాత్రం వాళ్ళ భుజాల పక్కనుంచి ఎటో పోతోంది.

"ఎందుకర్రా అందరూ అంత అవస్థపడతారు?" అన్నాడు. "నాకు కళ్ళు పోయాయి గానీ వేళ్ళు పోలేదు. నల్లబట్ట కట్ట నా దగ్గరికొచ్చి ఎన్నాళ్ళయింది సూపర్‌వైజరూ? అన్నీ తెల్లవే వస్తుంటే, ఊళ్ళో జనమంతా తెల్లచొక్కాలకే ఎగబడుతున్నారనుకుంటానా?"

సూపర్‌వైజరు మూతి బిగుసుకుంది. ఈసారి నవ్వాపుకోవడానికి కాదు.

"దారపు కండెలు నా కుడిచేతి కింద వాటంతటవే వరసగా నిలబడతాయా పిల్లా? నువ్వు కఫ్‌లమ్మా, నేను కుట్టినవి విప్పి మళ్ళీ కుడతావు. నీ కుట్టు బిగుతు తల్లీ. తడిమితే తెలిసిపోతుంది. మొన్న నీకు జ్వరమొచ్చి నువ్వు రాని రోజుల్లో వెళ్ళినవే, ఆ పెట్టెలో వెనక్కొచ్చినవి."

కఫ్‌లొదిన ముక్కు ఎగబీల్చింది. "ఆ జ్వరానికి కూడా వేళాపాళా లేదు," అంది.

"ఇక అమ్మాయి సంగతి చెప్పక్కర్లేదు," అన్నాడాయన. కాజాలక్క గుండెలోని ముల్లు ఆ మాటతో ఊడిపోయింది.

క్షేమమమ్మాయి అందరి ముఖాలూ ఒకటొకటిగా చూసింది. ఆ అమ్మాయి చేతిలో, తను లాగిన దారం ముక్క ఇంకా ఉంది. పీలికల బుట్ట బోర్లించి, దాని మీద ఆయన ఎదురుగా కూర్చుంది.

"నాకు తెలియలేదు తాతగారూ," అంది మెల్లగా. "అందరిముందూ మిమ్మల్ని..."

"నీకెలా తెలుస్తుందమ్మా? నలుగురు ఇంత కట్టుదిట్టంగా దాస్తుంటే."

"మీకేం కావాలో చెప్పండి. వరుసకి కాదు, మీకు. కూర్చుని చేసే పని వేరే ఏదైనా చూడనా? మడతల దగ్గరో, గేటు దగ్గరో..."

"వద్దమ్మా. నేనొచ్చింది కాలర్లు కుట్టడానికి. వీళ్ళు తిండి తినే వేళలో నా కుట్లు విప్పుకుంటున్నారు. పొద్దున నిద్ర మానుకుని వచ్చి నా దారం ఎక్కిస్తున్నారు. ఎన్నాళ్ళని? ఇవాళ నన్ను ఇంటికెళ్ళిపోనీ. పెట్టె వంకతో వెళ్ళగొట్టినట్టు కాకుండా, పనైపోయి వెళ్ళినట్టు. ఈ మాట రాత్రే అనుకున్నాను. సాయంత్రం గేటు దగ్గరికి రమ్మని మా ఆవిడకి పొద్దున్నే చెప్పి వచ్చాను. ఏం వినపడిందో మరి."

"అలాగే పంపిస్తాం," అంది క్షేమమమ్మాయి. "పెద్దయ్యగారితో నేను మాట్లాడతాను. మీకు చెందాల్సినవన్నీ నేనే దగ్గరుండి చూస్తాను."

"అయితే ఈ ఒక్క కాలరూ కుట్టి లేస్తాను. మొదలుపెట్టింది వదిలేస్తే బాగోదు. అమ్మాయ్, ఆ కత్తెర ఇటివ్వు."

కత్తెర ఆయన ఒళ్ళోనే ఉంది. కాజాలక్క ముందుకొచ్చి వంగి, దారం కొస తడిచేసి, ఆ తెల్లటి వెలుగులో, అందరూ చూస్తుండగా ఎక్కించింది. వేళ్ళు తడబడి రెండోసారికి దూరింది. ఆయన బట్టను వేళ్ళతో కొలిచి, అంచు గోటితో నొక్కి, పాదం దించి కుట్టుకుంటూ పోయాడు. కొస దగ్గర ఆగి, సూది బట్టలోనే ఉంచి, ముక్క తిప్పి మళ్ళీ సాగాడు. పూర్తయ్యాక తిరగేసి సూపర్‌వైజరు చేతికిచ్చాడు. సూపర్‌వైజరు రెండు కొసలూ దగ్గరికి చేర్చి చూశాడు. ఎడమ కొస ఒక వెంట్రుకవాసి మొద్దుగా ఉంది. అతను దాన్ని మంచివాటి కట్ట మీద పెట్టాడు.

సైరన్ మోగాక కాజాలక్క ఆయన పక్కనే నడిచింది. హాల్లో మిగిలిన వరుసలవాళ్ళకి ఏమీ తెలియదు. ఎప్పటిలాగే డబ్బాలు మోగించుకుంటూ, ఒకర్నొకరు తోసుకుంటూ బయటికి పోతున్నారు. ఆయన గోడ పట్టుకోబోయి, ఆమె భుజం దొరికితే దాన్నే పట్టుకున్నాడు.

"రేపటినుంచి కాస్త పొద్దెక్కేదాకా పడుకో," అన్నాడు.

"అలవాటు పోదు బాబాయ్."

"నాకు కనపడదు, ఆవిడకి వినపడదు. ఇక మా ఇంట్లో పోట్లాటలు ఎలా వస్తాయంటావు? దినం గడవడం కష్టమే."

ఆమె నవ్వబోయింది. సరిగ్గా రాలేదు. ఆయన తల తిప్పకుండా, ఎదురుగా ఉన్న గేటుతో చెబుతున్నట్టు, మా మామగారు గుర్రబ్బండి ఎక్కినప్పుడు ఏమయిందో నీకెప్పుడైనా చెప్పానా అని మొదలుపెట్టాడు. ఆమె ఆ కథ ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. చెప్పలేదంది. గేటు చేరేదాకా ఆయన చెబుతూనే ఉన్నాడు. ఆమె ముక్కు తుడుచుకుంటూనే ఉంది.

గేటు అవతల ఒక పొట్టి ముసలావిడ సంచీ పట్టుకుని నిలబడి ఉంది.

"వచ్చావా?" అన్నాడాయన గట్టిగా.

"ఏమీ కొనలేదు," అందావిడ. వచ్చి ఆయన చెయ్యి అందుకుని, సంచీ ఆయన భుజానికి తగిలించింది. ఇద్దరూ రోడ్డు దాటేటప్పుడు ఆవిడ అటూ ఇటూ చూసింది. ఆయన తల వంచి హారన్ల చప్పుడు విన్నాడు. అవతలికి చేరాక ఆయన ఇటు తిరిగి, కాజాలక్క ఉన్న చోటికి కాస్త పక్కగా చెయ్యెత్తి, "వెళ్ళొస్తా అమ్మాయ్," అన్నాడు.

ఫ్యాక్టరీలో అందరికీ ఆమె అక్క. కొడుకు స్నేహితులకి అత్త. కొత్తగా చేరినవాళ్ళు ఈ మధ్య పెద్దమ్మా అంటున్నారు. ఆమెని అమ్మాయ్ అని పిలిచే మనిషి అవతలి సందు మలుపు తిరుగుతున్నాడు. సంచీ కనిపించకుండా పోయేదాకా నిలబడింది. అప్పుడు దీపం ఆర్పలేదని గుర్తొచ్చి లోపలికి వెళ్ళింది.

హాలు ఖాళీగా ఉంది. కఫ్‌లొదిన మాత్రం తన స్టూలు మీద ఊరికే కూర్చుని ఉంది. "రేపు అక్కడ ఎవర్ని కూర్చోబెడతారో," అంది. "ఎవరైనా సరే, కొన్నాళ్ళు వాళ్ళ కుట్లు నేను చూస్తానులే."

"సరే వదినా. దారం నేను చూస్తాను," అంది కాజాలక్క.

కాలర్ బాబాయి మిషను మీద దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమె మీట కోసం వంగింది. కింద, తొక్కుడు పలక మీద, పని చేసేటప్పుడు మాత్రమే ఆయన వేసుకునే రబ్బరు చెప్పులు ఉన్నాయి. కుడికాలిది మునివేళ్ళు ఆనేచోట అరిగి అరిగి కాగితమంత పలచనై, అయిదు వేళ్ళ గుంటలూ తేలి, రెండూ పక్కపక్కనే గోడవైపు తిరిగి ఉన్నాయి.